మూడో చెయ్యి

మనిషికి రెండే చేతులిచ్చి దేవుడు పిసినారితనం చూపించాడని టీకాల మావయ్య అభిప్రాయం. దూడకు టీకా వెయ్యాలంటే ఎడమ చేత్తో దాని మెడ మీది చర్మాన్ని పైకి లాగి పట్టుకోవాలి, కుడి చేత్తో సిరంజి పట్టుకోవాలి. మరి సూది మీదుండే ప్లాస్టిక్ మూత ఎవరు తియ్యాలి, తీసింది ఎవరు పట్టుకోవాలి? మావయ్య దాన్ని ముందు పళ్లతో లాగి అక్కడే బిగబట్టి ఉంచుకునేవాడు. టీకా వెయ్యడం అయ్యాక సిరంజిని మొహం దాకా తెచ్చి, పళ్ల మధ్య ఉన్న మూతలోకి సూదిని చూడకుండా దూర్చేవాడు. కొత్తగా చూసేవాళ్లకు గుండె గుభేలుమనేది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా పెదవికి గుచ్చుకోలేదని, ఎవరూ అడక్కముందే ఆయనే చెప్పేవాడు. నోటికి ఆయన పెట్టుకున్న పేరు మూడో చెయ్యి.

ఆయనది పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. ఆవులకు ఒక జబ్బుంది. అది సోకిన ఆవు కట్టిన చూడిని నిలుపుకోలేదు, నెలలు నిండకుండానే దూడను పడేస్తుంది. ఆ జబ్బు రాకుండా నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు, జీవితంలో ఒక్కసారి, టీకా వెయ్యాలి. ఏటా రెండు విడతలుగా మావయ్య మందును ఐస్ డబ్బాలో పెట్టుకుని పాకపాకకూ తిరిగేవాడు. ఒక్క పొద్దున్న రెండు వందల దూడలు. పక్క ఆసుపత్రి వాళ్లు నూట ఇరవై దగ్గరే చతికిలబడేవారు. వెళ్లిన చోటల్లా పాలు పితికేవాళ్లు, గడ్డి వేసేవాళ్లు, పాకల యజమానులు అందరూ ఆయన్ని మావయ్యా అనే పిలిచేవారు. ఆ లెక్కన ఆయన భార్య, ఎన్నడూ పాక గడప తొక్కకపోయినా, అందరికీ అత్తయ్య అయిపోయింది.

ఆ టీకా మందులో ఉండేవి బతికున్న సూక్ష్మజీవులే, కాకపోతే బలం తగ్గించినవి. దూడ తట్టుకునేంతగా బలం తగ్గించినవి. మనిషిని పడగొట్టడానికి ఆ మిగిలిన బలం చాలు. ఈ సంగతి మావయ్యకు తెలియదు. తెలుసుకునే దారి రోజూ ఆయన చేతిలోనే ఉండేది. ప్రతి మందు పెట్టెలోనూ చీమ తలకాయంత అక్షరాలతో నాలుగు మడతల కాగితం ఒకటి వచ్చేది. ఐస్ డబ్బా తలుపు వదులుగా ఉందని ఆయన ముప్పై ఏళ్లుగా ఆ కాగితాన్ని సందులో దోపుతూ వచ్చాడు. కాగితం మంచిదే, తలుపు గట్టిగా పడేది.

కూతురు కూడా మూడేళ్ల కిందట అదే ఆసుపత్రిలో, అదే పనిలో చేరింది. మొదటి వారం పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. రెండో వారం నుంచి పాకకు ఆ చివర ఆమె, ఈ చివర ఈయన. అంత దూరాన పళ్ల మధ్య నీలం మూత బిగించి దూడ వెంట దూడను ముగిస్తున్న కూతుర్ని చూసి మావయ్య పొంగిపోయాడు. మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట పాలవాళ్లతో, "నా రంగు రాలేదు, నా ముక్కు రాలేదు, మూడో చెయ్యి మాత్రం వచ్చింది," అన్నాడు. ఆ మాట తర్వాత మూడేళ్లూ అంటూనే ఉన్నాడు. పాలవాళ్లు కూడా పాపం ప్రతిసారీ నవ్వుతూనే ఉన్నారు.

జ్వరం సాయంత్రాల్లో మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. పొద్దు వాలేసరికి ఒళ్లు వెచ్చబడేది, నడుం పట్టేసేది, తెల్లారేసరికి దుప్పటి పిండితే నీళ్లు కారేలా చెమట పట్టేది. నాలుగు రోజులు తగ్గి, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ వచ్చేది. మొదటి డాక్టరు ఏం పని చేస్తారని అడిగాడు. మావయ్య ఛాతీ విరుచుకుని, "గవర్నమెంటు ఉద్యోగం," అన్నాడు. దూడల మెడలు పట్టుకుంటానని చెప్పడం ఆయనకు నామోషీ. గవర్నమెంటు ఉద్యోగం అంటే ఆ డాక్టరుకు కుర్చీ గుర్తొచ్చింది. ఎక్కువసేపు కూర్చోవద్దని చెప్పి నడుంనొప్పికి మాత్రలు రాశాడు. రెండో డాక్టరు అదీ అడగలేదు. టైఫాయిడ్ అని పది రోజులు మందులు మింగించాడు. పదకొండో రోజు సాయంత్రం జ్వరం వేళ తప్పకుండా వచ్చింది.

ఐదు వారాలయ్యేసరికి మావయ్య మంచం దిగి గుమ్మం దాకా వెళ్లడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆ విడత టీకాల పని మొత్తం కూతురి మీదా, ఆమెతో తిరిగే జతగత్తె మీదా పడింది. కూతురికి అప్పుడు మూడో నెల. కిందటేడు కూడా సరిగ్గా మూడో నెలదాకా వచ్చి నిలవలేదు. అందుకని ఈసారి ఇంట్లో ఎవరూ ఆ ఊసు గట్టిగా ఎత్తడం లేదు. అత్తయ్య మాత్రం కూతురు గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు మొహం చూసేది, తర్వాత నడక చూసేది, ఆ తర్వాతే మాట్లాడేది.

మూడో డాక్టరు ఒక నడివయసు ఆవిడ. నోరు తెరవమంది. లైటు వేసి చూసి, లైటు ఆర్పకుండానే అడిగింది.

"ఈ ముందు పంటికి గాడి పడిందేమిటి? మీరు బట్టలు కుడతారా? దారం పళ్లతో తెంపేవాళ్లకు ఇలా పడుతుంది."

"నేనా? గవర్నమెంటు ఉద్యోగినండి," అన్నాడు మావయ్య నొచ్చుకుని.

"గవర్నమెంటు వారు మీ పళ్లతో ఏం చేయిస్తున్నారు?"

పక్కన కూర్చున్న అత్తయ్య నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మావయ్యకు రోషం వచ్చింది. డాక్టరమ్మ బల్ల మీది పెన్ను తీసుకున్నాడు. మూతను పళ్లతో లాగాడు, లేని దూడకు గాల్లో టీకా వేశాడు, పెన్నును చూడకుండా పళ్ల మధ్య మూతలోకి దూర్చాడు. జ్వరంలో కూడా గురి తప్పలేదు. తీసి బల్ల మీద పెట్టి, ఇప్పుడేమంటావన్నట్టు చూశాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఆ సూదిలో ఉండే మందేమిటి?" అంది.

ఆయన చెప్పాడు. ఆవిడ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, ఇద్దరు డాక్టర్లు అడగనివన్నీ అడిగింది. పాకల్లో ఆవులు ఈనేటప్పుడు సాయం పడతారా, మాయ వట్టి చేతుల్తో తీస్తారా, పచ్చిపాలు తాగుతారా. చివరికి రక్తం తీయించి, వారం తర్వాత రమ్మంది.

వారం తర్వాత ఆయన ఒక్కడే ఆటో ఎక్కి వెళ్లాడు. అత్తయ్య వస్తానంటే, "కాగితం తెచ్చుకోవడానికి ఇద్దరెందుకు," అని ఆపేశాడు. డాక్టరమ్మ సాగదీయలేదు.

"పశువుల దగ్గర్నుంచి మనుషులకు వచ్చే జ్వరమిది. ఆవు దూడను పడేసే జబ్బుకూ దీనికీ మూలం ఒకటే సూక్ష్మజీవి. ఆవులు ఈనేటప్పుడు చేతికంటుకుని రావచ్చు, పచ్చిపాలతో రావచ్చు. మీరు మాత్రం ముప్పై ఏళ్లుగా దాన్ని నాలుక మీద పెట్టుకుంటున్నారు. రెండు రకాల మందులు రాస్తున్నాను, ఆరు వారాలు. ఒక్క పూట మానినా మళ్లీ తిరగబెడుతుంది."

మావయ్య తల ఊపాడు. తన చేతి పనిని ఎవరైనా అలా తీసిపారెయ్యడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి అని ఆయనకు అనిపించింది.

"మీలాగే మూత నోట్లో పెట్టుకుని పనిచేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది డాక్టరమ్మ. "వాళ్లకూ పరీక్ష చెయ్యాలి. ఆడవాళ్లుంటే మరీ ముఖ్యం. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది సోకితే కడుపు నిలవకపోవచ్చు."

"లేరండి," అన్నాడు మావయ్య.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. నోరు దానంతటదే అంది. ఉన్నారు అంటే, నా కూతురు ఉంది అనాలి. నా కూతురు ఉంది అంటే, నేనే నేర్పాను అనాలి. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆ రెండు మాటలూ ఆయన నోట్లోనే ఉండిపోయాయి.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. పశువుల జ్వరమట, మందులు వాడితే తగ్గిపోతుందట అని ఇంట్లో అన్నాడు; అది అబద్ధం కాదు. మంచం మీద పడుకుని వేళ్లు ముడుస్తూ నెలలు లెక్కపెట్టాడు. కిందటేడు ఆమెకు కడుపు పోయింది రెండో విడత టీకాలు అయిపోయిన పది రోజులకు. ఆ విడతలో ఒక పొద్దున్న ఆమె నూట తొంభై దూడలకు వేసింది. తనకంటే పదే తక్కువని ఆయన ఆసుపత్రి అంతా తిరిగి చెప్పుకున్నాడు. ఎటునుంచి లెక్కపెట్టినా ఆ రెండూ పక్కపక్కకే వచ్చాయి. ఆయనకు భయం వేసింది. తన చావు గురించి కూడా ఆయన ఎప్పుడూ అంత భయపడలేదు.

కూతురిది రెండు వీధుల అవతల కాపురం. రోజూ పని నుంచి వెళ్తూ ఆగి, తండ్రి నుదురు ముట్టుకుని చూసి పోయేది. నాలుగో రోజు సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, వంటింటి గుమ్మానికి జారబడింది.

"అమ్మా, కాసిని మంచినీళ్లియ్యి. ఒళ్లు వెచ్చగా ఉంది."

మావయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి?"

"ఏమిటి నాన్నా?"

"ఆ వెచ్చదనం. సాయంత్రాలే వస్తోందా? నడుం నొప్పుందా? తెల్లారేసరికి చెమట పడుతోందా?"

"ఇవాళ మధ్యాహ్నం నుంచే. గొంతు గరగరలాడుతోంది, జలుబు చేస్తున్నట్టుంది. నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?" అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. "ఇట్రా తల్లీ, కూర్చో," అన్నాడు. ఆమె వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. అత్తయ్య గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. తప్పు అనే మాట మావయ్య నోటి నుంచి, ఆయన పని గురించి, ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నేను నేర్పింది తప్పు," అన్నాడు. "నా జ్వరం ఆ మూతల్లోంచే వచ్చింది, మందు నోట్లోకి పోయి. నువ్వూ మూడేళ్లుగా అలాగే చేస్తున్నావు. డాక్టరమ్మ ఇంకెవరున్నారని అడిగితే లేరన్నాను. నీ పేరెత్తడానికి నోరు రాలేదు. కడుపుతో ఉన్నవాళ్లకైతే నిలవకపోవచ్చంది. ఆవిడ ఆ మాట అని మూడు రోజులైంది. మరి కిందటేడు నీకు..." అని ఆగిపోయాడు.

"మూడు రోజులా?" అంది అత్తయ్య. గ్లాసు కిందపెట్టింది. "ఈ మాట లోపల పెట్టుకుని మూడు రోజులు ముద్ద ఎలా దిగిందండీ మీకు?"

నిజానికి దిగలేదు. కానీ అది చెప్పుకోవలసిన సమయం కాదని మావయ్యకు తెలుసు, తల వంచుకున్నాడు.

కూతురు లేచి వెళ్లి తన సంచి తెచ్చుకుంది. అడుగున వెతికి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక నీలం మూత ఆయన అరచేతిలో పెట్టింది. పాతబడి రంగు వెలిసింది. చుట్టూ పంటిగాట్లున్నాయి.

"ఇది నేను పళ్ల మధ్య పెట్టుకునేది నాన్నా. కొత్త సూది మీంచి తీసింది, మందు తగలనిది. రోజూ ఇంటికెళ్లి వేడినీళ్లలో వేసి కడుగుతాను."

మావయ్య మూతను అటూ ఇటూ తిప్పాడు. "మరి టీకా వేసే సూదుల మూతలు?"

"దూడ దగ్గరికెళ్లకముందే చేత్తో తీసేస్తాను. వాడిన సూదికి మూత పెట్టను. నడుముకు రేకు డబ్బా కట్టుకుంటాను కదా, అందులో పడేస్తాను. నువ్వు పాకకు ఆ చివరుండేవాడివి. అంత దూరం నుంచి నా పళ్ల మధ్య నీలంగా ఏదో కనిపిస్తే చాలు నీకు."

"ఎప్పట్నుంచి?"

"రెండో వారం నుంచి. మొదటి నాలుగు రోజులూ నీ పక్కన నిలబడి నువ్వు చెప్పినట్టే చేశాను. ఐదో రోజు కాగితం చదివాను."

"ఏం కాగితం?"

"నువ్వు ఐస్ డబ్బా సందులో దోపేది."

మావయ్యకు కోపం తన్నుకొచ్చింది. "మరి నాకు చెప్పొద్దూ?"

"చెప్పాను నాన్నా. ఆ రోజే, పాకలోనే చదివి వినిపించాను. నీ నోట్లో మూత ఉంది. 'ఊహూ' అని తల అడ్డంగా ఊపి ఇంకో దూడ దగ్గరికి వెళ్లిపోయావు. సాయంత్రం ఇంట్లో మళ్లీ చెప్పాను. 'నువ్వు నాకు నేర్పుతావా' అన్నావు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఈ మూత పళ్ల మధ్య పెట్టుకుని వచ్చాను. అప్పుడు మాట్లాడావు."

ఆయనకు గుర్తొచ్చింది. ఆ రెండు రోజులూ గుర్తొచ్చాయి, మూడో రోజు ఆమెను చూసి తాను పాలవాళ్లతో అన్న మాట కూడా గుర్తొచ్చింది. మూడేళ్లపాటు తాను ఊరందరికీ చూపించి మురిసిపోయింది ఈ ఖాళీ మూతను. ఆయనకు అవమానంగా ఉంది, అంతకంటే ఎక్కువ హాయిగా ఉంది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏ మొహం పెట్టాలో తెలియలేదు. ఒక్కటి మాత్రం ఇంకా అడగాలి.

"మరి కిందటేడు..."

"కిందటేడు కూడా ఇదే మూత నాన్నా," అంది కూతురు. "ఈసారి తెలిసిన రోజు నుంచి అసలు సూదే ముట్టుకోలేదు. నాతో వచ్చే అమ్మాయి టీకాలు వేస్తోంది, నేను దూరంగా కూర్చుని నంబర్లు రాస్తున్నాను."

మావయ్య ఏడ్చాడు. ఆ మూత పిడికిట్లో పట్టుకుని, జ్వరంతో ఒణుకుతున్న మనిషి మరింత ఒణికిపోతూ ఏడ్చాడు. కూతురు ఆయన వీపు నిమురుతూ, "నిన్ను మాన్పించలేకపోయాను. మళ్లీ అలుగుతావని ఊరుకున్నాను. అది నా తప్పు," అని తనూ మొదలుపెట్టింది.

"ఇద్దరికిద్దరే," అంది అత్తయ్య. "ఒకరేమో మూడు రోజులు మింగి కూర్చున్నారు, ఇంకొకతేమో మూడేళ్లు పళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. లేవండి. మొహాలు కడుక్కోండి. రేపు పొద్దున ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం."

వెళ్లారు. "ఉన్నారండి. మొన్న అబద్ధం చెప్పాను," అన్నాడు మావయ్య, కూర్చోకుండానే. డాక్టరమ్మ ఆయన్ని తిట్టలేదు. కూతుర్ని అన్నీ అడిగి, మొదటి నాలుగు రోజుల సంగతి విని, పాకలో మందు చుక్క ఎటునుంచైనా చిందవచ్చు కాబట్టి పరీక్ష తప్పదని రక్తం తీయించింది. జలుబు రెండు రోజుల్లో తగ్గిపోయింది. అయినా ఆ వారం రోజులూ మావయ్య కూతురు రాగానే నుదురు ముట్టుకుని చూశాడు. ఆమె ఆయన నుదురు చూసేది. ఫలితం వచ్చింది. ఆమె రక్తంలో ఆ జబ్బు జాడ లేదు. నెల తర్వాత మళ్లీ చేసినప్పుడూ లేదు.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న మావయ్యను మాత్రం వదల్లేదు. ముప్పై ఏళ్లలో ఆయన మూడో చెయ్యి నేర్పింది కూతురికొక్కదానికే కాదు. మంచం మీద నుంచే పన్నెండు మంది పేర్లు గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. "నేను నేర్పింది తప్పురా, రక్తపరీక్ష చేయించుకో," అని పన్నెండుసార్లు చెప్పాడు. మొదటిసారి చెప్పడానికి పావుగంట నసిగాడు, ఆఖరివాడికి ఒక్క నిమిషంలో చెప్పేశాడు. కొందరు నవ్వారు, కొందరు ఊరికే విన్నారు. ఒకడు మాత్రం ఏడాదిన్నరగా మోకాళ్లు పట్టేసి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. అతనికి ఇదే జ్వరమని తేలింది. అతనికి మందులు మొదలుపెట్టాక మావయ్య వెళ్లి చూసొచ్చాడు. అతను కుర్చీ వెయ్యమని భార్యకు చెప్పాడు. ఆ కుర్చీలో మావయ్య ఎక్కువసేపు కూర్చోలేకపోయాడు.

ఆరు వారాల మందులు ఒక్క పూట మానకుండా మింగి, ఒళ్లు కూడదీసుకుని ఆయన మళ్లీ పనిలోకి వెళ్లేసరికి తర్వాతి విడత వచ్చింది. కూతురికి ఎనిమిదో నెల. ఆసుపత్రి పెద్దాఫీసరు ఆమెను పాకలకు పంపడం మానేసి ఆఫీసు గదిలో రిజిస్టర్లు అప్పజెప్పాడు. పొద్దున్నే మావయ్య వచ్చి చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు, నడుముకు రేకు డబ్బా కట్టుకున్నాడు. నోరు ఖాళీగా ఉండేసరికి దాన్ని ఏం చెయ్యాలో తోచక పెదవులు చప్పరించుకున్నాడు. ఐస్ డబ్బాలో మందు సర్దాడు. తలుపు మళ్లీ వదులుగా ఉంది. అలవాటుగా చెయ్యి మందు పెట్టెలోని నాలుగు మడతల కాగితం మీదికి పోయింది.

తీశాడు. కాసేపు చేతిలో పట్టుకున్నాడు. డబ్బా సందులో ఒక గుడ్డపీలిక దోపి, కాగితం తీసుకెళ్లి కూతురి రిజిస్టరు మీద పెట్టాడు.

"చదువు," అన్నాడు.

"మూడేళ్ల కిందట ఒకసారి చదివి వినిపించాను కదా నాన్నా."

"అప్పుడు వినలేదు. ఇప్పుడు చదువు."

బయట జీపు హారన్ కొట్టింది. మావయ్య కదల్లేదు. కుర్చీ లాక్కుని కూతురికి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె మడతలు విప్పి, కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో లైనుకూ ఆయన 'ఊ' కొట్టాడు.